ఛార్జింగక్క చూపించని మాటలు

దేన్నయినా చివరంటా వాడే మనుషులు కొందరుంటారు. నేను తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ వాళ్ళు నాకు తగులుతూనే ఉన్నారు. ఒక రేవు పట్టణంలో నాకు గది అద్దెకిచ్చిన ముసలాయన అరిగిపోయిన సబ్బు పలకను కొత్త సబ్బు వీపుకి అంటించేవాడు. అది అరిగాక దాన్ని ఇంకోదానికి. ఆ లెక్కన తను పుట్టిన దగ్గర్నుంచీ ఒకే సబ్బుతో స్నానం చేస్తున్నానని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. అలాంటి వాళ్ళను పిసినారులనడం నాకు నచ్చదు. పిసినారికి వస్తువు పోతుందన్న భయమే గానీ దాని మీద ప్రేమ ఉండదు. వీళ్ళకు ప్రేమే. వస్తువుకీ ఓ ఆయుష్షు ఉంటుందనీ, దాన్ని మధ్యలో తుంచెయ్యడం తప్పనీ నమ్ముతారు. ఆ నమ్మకంలో తప్పేముందని ఛార్జింగక్క సంగతి తెలిసేదాకా నేనూ అనుకునేవాణ్ణి.

ఆవిడ అసలు పేరు వాడలో ఎవరూ వాడరు. నేను వాళ్ళ మేడమీద గది తీసుకున్న రోజున తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి. పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో పొయ్యి మీద పెట్టి వచ్చినట్టు ఉంటుంది. గుమ్మంలోనే ఆగిపోయింది. చూపు నా మంచం మీద.

"అయ్యో బాబాయిగారూ, ల్యాప్‌టాప్‌ని దుప్పటి మీద పెడతారా? కింద గాలాడక ఉడికిపోదూ? తీయండి ముందు!"

తీశాను.

"రాత్రంతా వైరు తగిలించి వదిలేస్తారు కదూ?"

"అవునమ్మా. పొద్దున్నకి నిండుతుందని."

"కడుపు నిండాక కూడా ఎవరైనా వడ్డిస్తూనే ఉంటే మీరు ఊరుకుంటారా? అది నోరులేనిది కాబట్టి ఊరుకుంటోంది. మొత్తం నింపకండి, మొత్తం ఖాళీ కానివ్వకండి. ఎండలో పెట్టకండి. తెర వెలుగు తగ్గించుకోండి, బ్యాటరీని సగానికి సగం తినేసేది అదే. ఇంటర్నెట్టు అక్కర్లేనప్పుడు ఆపేయండి. వెనకాల ఇన్నేసి కిటికీలు తెరిచి పెట్టారేంటి? ఇల్లా, సత్రమా?"

"పిల్లల్ని పెంచినట్టుందే ఇది."

"పిల్లలు మాట వినరు. ఇది వింటుంది," అని తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాట నిజమే. నా ముసలి యంత్రం ఆ వారం నుంచి మధ్యాహ్నం దాకా ఓపిక పట్టడం నేర్చుకుంది.

ఈ గుణం ఆవిడకు తల్లి నుంచి వచ్చింది. తల్లి కిందింట్లోనే ఉండేది. గింజలు ఇంకాస్త ఉడకాల్సి ఉండగానే పొయ్యి ఆపేసి, గిన్నె మీద పళ్ళెం బోర్లించి, మిగతా ఉడుకు గిన్నె వేడితోనే కానిచ్చే మనిషి. అంతకన్నా గట్టి నియమం ఆవిడకు ఇంకోటి ఉంది. ఎవరినీ ఏదీ అడగకూడదు. బల్బు మార్చుకోడానికి పొరుగింటి నిచ్చెన అడగడం కన్నా దీపం లేకుండా ఉండటం మేలనుకునే రకం. కూతురు ఆ రెండు నియమాలనూ పాలతోపాటే తాగింది.

ఇక ఛార్జింగక్క ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. చెవులు వినపడని వాళ్ళ కోసం ఆ ఊళ్ళో ఒక చిన్న సంఘం ఉంది. వాళ్ళలో ఎవరైనా చదువుకోడానికి వెళితే పక్కన కూర్చోడానికి సంఘం ఒక మనిషిని పంపుతుంది. పాఠం చెప్పేవాడు నోరు తెరవడమే ఆలస్యం, ఆ మనిషి ప్రతి మాటా టకటకా టైపు చేస్తుంది. వినపడనతను తెర చూసి చదువుకుంటాడు. ఒక్కమాటలో చెప్పాలంటే ఒకరి చెవులు ఇంకొకరి వేళ్ళలో ఉంటాయి. ఛార్జింగక్క కళ్ళు మూసుకుని కూడా టైపు కొట్టగలదు. మాట్లాడేవాడు దగ్గి గొంతు సవరించుకునే లోపల ఆవిడ వాక్యం పూర్తయి చుక్క కూడా పడిపోతుంది.

ఆ ఏడాది ఆవిడను పంపింది కట్టుడు పళ్ళు తయారుచేయడం నేర్పే తరగతికి. పాత భవనం పైఅంతస్తులో పొడుగాటి గది. బల్లల నిండా ప్లాస్టరు దుమ్ము, కరిగించిన మైనం వాసన, గోడ వారన అరలో పేరు తెలియని వాళ్ళ దవడల అచ్చులు. అవన్నీ మన మీద ఏదో చెప్పుకుంటున్నట్టే ఉంటాయి. నేను తర్వాత వెళ్ళి చూశాను. ఇప్పుడు నా పై వరస పళ్ళు అక్కడ నేర్చుకున్న చేతులే చేశాయి కాబట్టి ఆ గదిని తక్కువ చేసి మాట్లాడను.

ఆవిడ పక్కన కూర్చునే విద్యార్థి నలభయ్యో పడిలో ఉన్నవాడు. అంతకుముందు బంగారు నగలు చేసేవాడు. ఒక జ్వరం వచ్చి తగ్గింది గానీ వెళుతూ వెళుతూ రెండు చెవులనూ పట్టుకుపోయింది. కొలిమి దగ్గర చప్పుడుతోనే చాలా సంగతులు తెలుసుకోవాలట. మంట ఊపిరి, సుత్తి దెబ్బ మోత, ముందు గదిలో కొనేవాళ్ళ బేరం. అవేవీ లేకపోయేసరికి కొట్టు మూతపడింది. ఒక ఏడాదిపాటు బావమరిది దుకాణంలో గుమ్మం పక్క స్టూలు మీద కూర్చోబెట్టారు. చెయ్యడానికి ఏమీ లేదు, ఊరికే కూర్చోవడమే. "ఇంట్లో పూలకుండీలాగా పెట్టారండీ నన్ను. నీళ్ళు కూడా టైముకి పోసేవాళ్ళు," అని నాతో అన్నాడు. అందుకే ఈ తరగతిలో చేరాడు. వేళ్ళు ఎటూ సన్నపని మరిచిపోలేదు. పళ్ళు చెయ్యడం వస్తే మళ్ళీ తన బల్ల, తన దీపం, తన పని. రాకపోతే మళ్ళీ స్టూలు.

తరగతిలో ఆయన్ని "బంగారం గారు" అనేవాళ్ళు. మొదట గౌరవంగానే మొదలైంది. తర్వాత ఆ మాట ఎటు తిరిగిందో మీరే చూస్తారు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఆ గదికి ఉన్నది ఒక్కటే ప్లగ్గు. అది ముందు గోడకు, మాస్టారు బొమ్మలు చూపించే యంత్రం పక్కన. బంగారం గారు వెలుతురు కోసం వెనక కిటికీ దగ్గర కూర్చునేవాడు. సంఘం వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ బాగా పాతది. దాని బ్యాటరీ రకం ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదట. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైన పాఠం సాయంత్రం దాకా సాగుతుంది. అంతసేపూ ఆ ముసలి ప్రాణాన్ని లాక్కురావాలి.

ఛార్జింగక్క లాక్కొచ్చింది. ఇంటర్నెట్టు ఆపింది, మీటల కింద వెలిగే దీపాలు ఆపింది, శబ్దం ఆపింది. తెర వెలుగు బంగారం గారి కళ్ళకు ఎంత చాలో అంతకు దించింది. వేడెక్కకుండా కింద రెండు ఖాళీ మైనం డబ్బాలు పెట్టి గాలాడనిచ్చింది. అయినా సాయంత్రానికి ఎరుపు గీత కనిపించేది. అప్పుడు ఆవిడకు ఒక ఉపాయం తట్టింది.

మాస్టారు మంచివాడే గానీ మాటకారి. పాఠం మధ్యలో మామగారి సంగతులు, తన మొదటి ఉద్యోగం సంగతులు తెస్తాడు. వాటికి తోడు 'రేడియో' అని ఒక విద్యార్థి. ఎండిన ప్లాస్టరునైనా నవ్వించగలనని పందెం కాసే మనిషి. అతను ఒకటంటే ముందు బల్ల ఆయమ్మ రెండంటుంది. ఆవిడ పూర్వం ఆసుపత్రిలో ఆయా. ఇవన్నీ పాఠం కాదు కదా. పరీక్షలో రావు కదా. అందుకని, మాటలు పక్కదారి పట్టగానే ఛార్జింగక్క 'వేరే మాటలు' అని కొట్టి, ఒక మీట నొక్కి తెర నల్లగా చేసేసేది. పాఠం మళ్ళీ దారిలో పడగానే వెలిగించేది. ఆవిడకు తెరతో పనే లేదు. అది వెలిగేది ఆయన కోసమే.

అద్భుతంగా పనిచేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బ్యాటరీలో ఇంకా కాస్త మిగిలే ఉండేది. సంఘంలో మిగతా వాళ్ళ యంత్రాలు పాఠం మధ్యలో కన్నుమూస్తున్నాయని విని ఆవిడ నాతో, "వాడుకోవడం రావాలి బాబాయిగారూ," అంది. గర్వంగానే అంది. నేనూ మెచ్చుకున్నాను.

నవ్వు గురించి పెద్దపెద్ద వాళ్ళు పెద్దపెద్ద పుస్తకాలు రాశారు. నేను కొన్ని చదివాను. చదివినంతసేపూ ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. వాళ్ళంతా మనిషి ఎందుకు నవ్వుతాడని ఆలోచించారు గానీ, గది నిండా మనుషులు నవ్వుతుంటే మధ్యలో ఒక్కడు మాత్రం ఎందుకో తెలియక కూర్చుంటే వాడు తన మొహాన్ని ఏం చేసుకోవాలి అన్నది ఎవరూ రాయలేదు. భాష రాని దేశాల్లో నేనూ ఈ అవస్థే పడ్డాను. నవ్వకపోతే పొగరంటారు. నవ్వితే, వాళ్ళు నవ్వేది మనల్ని చూసేనేమో! బంగారం గారు దానికో దారి వెతుక్కున్నాడు. తెర నల్లబడగానే తల వంచి, చిన్న చాకుకు అంటిన మైనం గీకుతూ కూర్చునేవాడు. ఆ చాకు అంత శుభ్రంగా తరగతిలో ఇంకెవరి దగ్గరా ఉండేది కాదు.

చివరి పరీక్ష దగ్గర పడింది. పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు. ఇద్దరిద్దరు జతగా ఉండాలి. ఒకరు నోరు తెరిచి కుర్చీలో కూర్చుంటే రెండోవారు మెత్తటి ముద్ద పెట్టి దవడ అచ్చు తియ్యాలి. ఆ అచ్చు మీద పళ్ళ వరస కట్టాలి. తర్వాత తారుమారు. జతను ఎవరికి వాళ్ళే ఎంచుకోవాలి. ఎందుకంటే, మాస్టారి మాటల్లోనే, "ఇంకొకడి వేళ్ళు మన నోట్లో పెట్టించుకోవడం అంటే పిల్లనిచ్చినంత నమ్మకం ఉండాలి."

ఆ రోజు కుర్చీలు జరిగాయి, పేర్లు పిలుచుకున్నారు, అన్ని జతలూ కుదిరాయి. మధ్యలో ఒకతను మానేశాడు కాబట్టి బేసిగా ఒక్కడు మిగిలాడు. కిటికీ దగ్గర.

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "జత లేకుండా పరీక్ష పెట్టడానికి నాకు వీల్లేదు. రేపటిలోగా ఎవరైనా రెండోసారి కూర్చోడానికి ఒప్పుకుంటే సరే. లేకపోతే వచ్చే ఏడాది తరగతిలో చూద్దాం."

ఛార్జింగక్క ఆ మాటలు కొట్టింది. ఆయన చదివాడు. తల ఊపి, సామాను సంచిలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ వెనకగా మెట్లు దిగుతుంటే కింది మలుపులో రేడియో, ఆయమ్మ మాట్లాడుకుంటున్నారు.

"నువ్వన్నా ఒప్పుకోవాల్సిందయ్యా. పాపం, ఒక్కడే మిగిలిపోయాడు."

"నేనా? అమ్మ బాబోయ్! అంతసేపు ఆ మొహం నా మొహం మీదా? నేనొక మాటంటే గదంతా ఊగిపోతుందా, ఆయన మాత్రం తల దించుకుని చాకు గీక్కుంటాడు."

"చెవులు వినపడవు కదయ్యా."

"వినపడకపోతేనేం ఆయమ్మా? పక్కన ఆవిడ టకటకా అన్నీ కొట్టి చూపిస్తూనే ఉందిగా! చదివి కూడా నవ్వడంటే ఏమనుకోవాలి? బంగారం పట్టిన చేతులు. మన ప్లాస్టరు మొహాలు ఆయన కంటికి ఆనవు."

"అదీ నిజమేలే. నేనూ మూడు నాలుగుసార్లు పలకరింపుగా నవ్వాను. తిరిగి నవ్వితే ఒట్టు."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఛార్జింగక్క మలుపు పైమెట్టు మీదే నిలబడిపోయింది. భుజాన సంచిలో ల్యాప్‌టాప్ ఉంది. దానిలో ఆ రోజు కూడా బ్యాటరీ మిగిలింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ నా గదికి వచ్చి ఇదంతా చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. "నేను మిగిల్చింది ఆ మనిషి నోట్లోంచి తీసి మిగిల్చాను బాబాయిగారూ," అంది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చబోయాను. "వద్దు, నాకిప్పుడు బాగున్న మాటలు చెప్పకండి," అని దిగిపోయింది.

తరగతికి త్వరగా వెళ్ళింది. బంగారం గారు అప్పటికే కిటికీ దగ్గర ఉన్నాడు. సామాను తీసుకుపోవడానికి వచ్చాడట. ఆవిడకు ధైర్యం చాలలేదు. నోటితో అనే మాట ఆయనకు ఎటూ వినపడదు, టైపు చేస్తే ఇంకెవరికీ తెలియదు. అదొక్కటే ఊరట. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. ఆవిడ వాళ్ళకు వీపు పెట్టి మెల్లగా కొట్టింది. ఇంత మెల్లగా ఎప్పుడూ కొట్టలేదు.

'అన్నయ్యగారూ, వాళ్ళు నవ్వినప్పుడల్లా నేను తెర ఆపేశాను. పాఠం కాదు కదా అని. బ్యాటరీ మిగులుతుందని. మీరు గర్విష్ఠి అని వాళ్ళనుకోడానికి కారణం నేనే. నన్ను క్షమించండి.'

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు నోరు విప్పాడు.

ఆ జ్వరం తర్వాత ఆయనకు తన గొంతు తనకు వినపడదు. రహస్యం చెబుతున్నాననుకుని మాట్లాడితే వీధి చివరకు వినిపిస్తుంది. ఆయన ఆవిడకు మాత్రమే అనుకుని అన్నమాట గది నలుమూలలా మోగింది.

"నవ్వులు కూడా బ్యాటరీ తింటాయా చెల్లెమ్మా?"

గది మొత్తం ఇటు తిరిగింది. ఆయనకు అదేమీ తెలియదు. కిటికీవైపు తిరిగి ఉన్నాడు. అదే గొంతుతో ఇంకా చెబుతున్నాడు.

"తెలుసు నాకు ఏదో ఆపేస్తున్నారని. సంఘం వాళ్ళు పాఠం వరకే చూపించమన్నారేమో అనుకున్నా. అడిగితే మీకు కోపమొచ్చి రావడం మానేస్తారేమోనని నోరు మూసుకున్నా. మీరు మానేస్తే నాకు పాఠం కూడా ఉండదు కదా!" సామాను సంచి దగ్గరకి లాక్కున్నాడు. "వాళ్ళు నవ్వేది నా గురించేననుకున్నా చెల్లెమ్మా. ఇన్నాళ్ళూ."

ఛార్జింగక్కకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గబగబా 'అందరూ వింటున్నారు' అని కొట్టింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

ముందు ఆయమ్మ లేచింది. "అయ్యయ్యో, మీ గురించి ఒక్కనాడు కూడా కాదండీ! ఒట్టు!"

ఛార్జింగక్క కొట్టింది. ఆయన చదివి, "కాదని నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే అడిగాడు. ఆయమ్మ మళ్ళీ కూలబడింది.

"సరే, ఒక్కటి చెప్పండి," అన్నాడాయన. "పెద్ద వాన పడిన రోజు, బల్లలు కొట్టి మరీ నవ్వారు. మాస్టారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అదేంటి?"

ఛార్జింగక్క తను రాసి దాచిన పాఠాలన్నీ వెనక్కి తిప్పింది. ఆ రోజు దొరికింది. అక్కడ 'వేరే మాటలు' అని ఉంది. అంతే. మరి తన చెవిన పడింది కదా, తనకైనా గుర్తుండాలి కదా! లేదు. బ్యాటరీ ఎంత మిగిలిందో చూసుకుంటూ కూర్చుంది ఆవిడ. అది కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి నోటితో, అందరికీ వినపడేలా చెప్పి, మళ్ళీ ఆయన కోసం కొట్టింది.

"ఆ రోజా? రేడియోగాడి కోడి సంగతి కాదూ?" అందొకావిడ.

"కోడి కాదు, కొండముచ్చు. అది వేరే రోజు."

"మాస్టారి మామగారి ముచ్చటనుకుంటా."

మాస్టారు గుమ్మంలోకి అప్పుడే వచ్చాడు. సంగతి విని నీళ్ళు నమిలి, చివరికి లోపలికొచ్చి నిలబడి చెప్పాడు. "అది నేను చెప్పిందేనయ్యా. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో పని నేర్చుకోడానికి మా మామగారి నోరే అరువడిగాను. ఆయన తిడుతూ తిడుతూనే నోరు తెరిచాడు. ముద్ద గట్టిపడింది, ఎంత లాగినా ఊడి రాలేదు. మాట పడిపోయింది మామగారికి. మా ఆవిడ వచ్చి చూసి, 'ఇంకాసేపు ఉండనివ్వండి, ఇల్లు ప్రశాంతంగా ఉంది' అంది. అదీ సంగతి."

రెండోసారి చెప్పిన ముచ్చట చల్లారిన టీలాంటిది. ఒకరిద్దరు మర్యాదకు ఇకిలించారు. బంగారం గారు ఆఖరి మాటదాకా తెర మీద చదివాడు. తల ఎత్తాడు.

"ఇంతేనా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి గదంతా నవ్వుతో కూలిపోయింది. ఆయమ్మ బల్ల మీద వాలిపోయింది. మాస్టారు "ఇంతేనయ్యా, ఇంతే!" అని తల కొట్టుకున్నాడు. ఛార్జింగక్క మాత్రం నవ్వలేదు. 'నవ్వుతున్నారు. మీ మాటకి. మీరు బాగా అన్నారని' అని వేగంగా కొడుతోంది, ఎక్కడ ఒక క్షణం ఆలస్యమై ఆయన మళ్ళీ చాకు అందుకుంటాడోనని. ఆయన చదివాడు, నమ్మనా మాననా అన్నట్టు చుట్టూ చూశాడు. నవ్వలేదు మాత్రం.

రేడియో లేచి వచ్చి ఆయన ముందు నిలబడి తన నోటివైపు వేలు చూపించాడు. "నా నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అయినా రేపు మీకోసం మూయించుకుంటా. అందరికన్నా నాకే లాభం అంటున్నారు వీళ్ళు."

"వాడికి కాదు, మాకు లాభం!" అంది ఆయమ్మ.

అలా జత కుదిరింది. కథ ఇక్కడితో ఆపితే అందరికీ బాగుండేది. కానీ మాస్టారు ఛార్జింగక్క బల్ల దగ్గరకొచ్చి మామూలుగా, ఏ దెప్పిపొడుపూ లేకుండా ఒకమాట అడిగాడు. "అమ్మా, మరి ఇన్నాళ్ళూ ప్లగ్గు ఇమ్మని ఒక్కసారి అడగలేదేం? బొమ్మల యంత్రం వారంలో చాలా రోజులు ఊరికే పడి ఉంటుంది. పొడుగు వైరు నా బీరువాలోనే ఉంది."

అందాకా జరిగినదంతా ఆవిడ దిగమింగుకోగలిగింది. ఈ మాటను దిగమింగలేకపోయింది. ఎవరినీ ఏదీ అడగనని, ఒకరికి భారం కానని ఆవిడ అనుకున్నదల్లా ఇంకొకరి మీద ఎక్కి కూర్చున్న భారమని అప్పుడు అర్థమైంది. అడిగితే తన మాట పోతుందనుకుంది. అడగనందుకు పోయిన మాటలు ఆయనవి. ఆ పూట బ్యాటరీ సాయంత్రం కాకుండానే ఖాళీ అయిపోయింది. ఆవిడ లేచి వెళ్ళి, "మాస్టారూ, ఆ వైరు ఇస్తారా?" అని అడిగింది. బీరువా దాకా నడవడం కన్నా ఆ మాట అనడమే దూరమైందట.

ఇంట్లో తల్లితో యుద్ధమైంది. మేడమీదికి వినిపించింది.

"ఒకరి గుమ్మం ముందు చెయ్యి చాపొద్దన్నాను గానీ, గోడకున్న కన్నం అడగొద్దన్నానా ఏమే?"

"నోరు తెరవొద్దని చిన్నప్పుడే కుట్టేశావు కదమ్మా! ఇప్పుడు తేడాలు చెబుతావా?"

"అంతా నా మీదే తొయ్యి!"

"నీ మీద తోస్తే నాకు తగ్గేదుంటే తోసేదాన్నే," అని కూతురు గొంతు చిన్నదైపోయింది.

పరీక్ష రోజు సంగతి ఛార్జింగక్క, బంగారం గారు, రేడియో ముగ్గురూ చెప్పారు నాకు. రేడియో చెప్పినదాంట్లో సగం తీసేసి రాస్తున్నాను. అతను కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు. బంగారం గారు ముద్ద పెట్టి, దవడ పట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. మాట్లాడే మనిషి మూగవాడయ్యాడనేసరికి తరగతి ఊరుకుంటుందా! ఇన్నాళ్ళ బాకీలన్నీ తీర్చుకున్నారు. "రేడియోకి కరెంటు పోయింది" అని ఒకరు. "తియ్యకండి బంగారం గారూ, పరీక్ష అయిపోయినా తియ్యకండి" అని ఆయమ్మ. రేడియో ముద్ద వెనకాల నుంచే ఏదో తిట్టాడు. "ఏంటయ్యా, ఆశీర్వదిస్తున్నావా?" అంది ఆయమ్మ. ఛార్జింగక్క ప్రతి మాటా కొట్టింది. దగ్గితే దగ్గారని, బెంచీ కిర్రుమంటే కిర్రుమందని, ఎవరో మాస్టారి చొక్కా గురించి గొణిగితే అది కూడా. ఏది అవసరమో, ఏది కాదో తేల్చే హక్కు తనకు లేదన్నట్టు కొట్టింది. ముందు గోడ నుంచి వచ్చిన పొడుగు వైరు ఆవిడ కాళ్ళ దగ్గర చుట్టలు పడి ఉంది.

కానీ బంగారం గారు తెర వైపు చూడనే లేదు. చూపు ఎలా తిప్పుతాడు? చేతులు ఇంకొకడి నోట్లో ఉన్నాయి. ఆయన కళ్ళు అచ్చు అంచుల మీదే ఉన్నాయి. గదంతా నవ్వుతున్నా మళ్ళీ ఆ మొహంలో ఏమీ లేదు. ఆవిడ కొట్టడం ఆపలేదు. చూసేవాళ్ళు లేని తెర మీద మాటలు పైకి పోతూనే ఉన్నాయి.

ముద్ద ఊడి వచ్చింది. మాస్టారు అచ్చును వెలుతురుకు పెట్టి చూసి, భుజం తట్టాడు. జతల్లో వంతులు మారాయి. ఆయన వంతు నోరు తెరవడం, రేడియో వంతు అచ్చు తియ్యడం, ఆ పైన పళ్ళ వరసలు కట్టడం, అన్నీ అయ్యాయి. సాయంత్రానికి అందరూ చేతులు కడుక్కుని, అరుచుకుంటూ మెట్లు దిగిపోయారు.

ఛార్జింగక్క నేల మీద కూర్చుని వైరు చుడుతోంది. బంగారం గారు చేతుల ప్లాస్టరు తుడుచుకుంటూ బల్ల దగ్గరకొచ్చి, ఒక వేలితో తెరను మొదటికంటా జరుపుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ తల ఎత్తలేదు.

కాసేపటికి పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు ఆయనకు ఊపిరి అందడం లేదేమో అనుకుంది. తర్వాత అర్థమైంది. ఆయన నవ్వుతున్నాడు. ఎంత గట్టిగా నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు. ఖాళీ గదిలో, అరల్లోని దవడల మధ్య ఆ నవ్వు మోగుతోంది. అందరూ నవ్వి, మరిచిపోయి, సగం దారికి చేరాక వచ్చిన నవ్వు అది. "ఆశీర్వదిస్తున్నావా అందా! అయ్యో రామా!" అని బల్ల చరిచాడు. కింద మెట్ల మీంచి రేడియో గొంతు, "ఏమైంది? ఎవరక్కడ?" అని పైకి వస్తోంది.

నెలల తరబడి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుంది ఆవిడ ఆ మనిషి పక్కన. ఆయన నవ్వు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి వింది. చుట్టిన వైరు ఒళ్ళో పెట్టుకుని, ఆయన చదవడం అయ్యేదాకా బల్ల కిందే కూర్చుంది, ఆ నవ్వును ఇన్నాళ్ళూ ఆపింది తనేనని, పైకి లేచి ఆయన మొహం చూడటానికి మనసొప్పక.